అలిగిన డబ్బాలు

"మీ యాప్ పుణ్యమా అని మా ఇంట్లో మూడు రోజులుగా మాటల్లేవమ్మా!" అని నర్సమ్మ ఫోన్లో విరుచుకుపడింది. డిజైనరమ్మ "నోట్ చేసుకున్నానండీ" అంది. అనడమే కాదు, నిజంగానే నోట్ చేసుకుంది. నాలుగో ఇల్లు, మూడో రోజు, గుడ్లు.

విషయం ఏమిటంటే, ఇంట్లో తిండి సామాను ఏది ఎంత ఉందో, ఏది పాడవబోతోందో, ఏది కొనాలో చెప్పే యాప్ ఒకటి ఆమె తయారు చేస్తోంది. ఆలోచన ఆమెదే. తెరల బొమ్మలు గీసిందీ ఆమే, పెద్దసారు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఒప్పించిందీ ఆమే. రెండేళ్ళ కష్టం. తీరా తయారయ్యాక నాలుగిళ్ళకిచ్చి వాడి చూడమంటే నాలుగిళ్ళలోనూ ఒకటే వరస. మొదటి రోజు అందరికీ ఉత్సాహమే. ప్యాకెట్ల మీది గీతలన్నీ ఫోన్‌కి చూపించి ఎక్కించేస్తారు. ఒక లెక్కల మాస్టారైతే షాంపూ సీసాలు కూడా ఎక్కించాడు. వాడేటప్పుడు మాత్రం ఎవ్వరూ ఫోన్ ముట్టుకోరు. ఎందుకు ముట్టుకుంటారు? చేతికి పిండి ఉంటుంది, పొయ్యి మీద గిన్నె ఉంటుంది, కడుపులో ఆకలి ఉంటుంది. మూడో రోజుకల్లా యాప్‌లో ఉన్నవి వంటింట్లో ఉండవు, వంటింట్లో ఉన్నవి యాప్‌లో ఉండవు. నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిది గుడ్లున్నాయని యాప్ చెప్పింది. తీరా చూస్తే ఖాళీ అట్ట. మొగుడు తిన్నాడు, నొక్కలేదు. అక్కడ మొదలైంది.

పెద్దసారు చెడ్డవాడేం కాదు గానీ మొహమాటం లేని మనిషి. "ఇంకొక్కసారి చూద్దాం. శుక్రవారం నేనే వచ్చి కూర్చుంటా. ఇద్దరు మనుషులు, ఒకే వంటిల్లు. ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడకుండా యాప్ ఒక్కదాంతో నడపాలి. నడిచిందా, సరే. లేదంటే సోమవారం నుంచి నువ్వు బ్యాంకు వాళ్ళ ఫారాల పనిలోకి వెళ్ళిపో" అన్నాడు.

బ్యాంకు ఫారాలు! రెండేళ్ళు కళ్ళలో వత్తులేసుకుని పెంచినదాన్ని అటకెక్కించి, పుట్టినతేదీ పెట్టె ఎడమవైపుండాలా కుడివైపుండాలా అని తేల్చే పని. డిజైనరమ్మకి ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడిస్తే బాగుండదని టీ పెట్టుకునే గదిలోకి వెళ్ళింది.

అక్కడ అరలో పంచదార డబ్బా గోడవైపు తిరిగి ఉంది. చీటీ అంటించిన వైపు గోడకి, వట్టి వైపు ఇటు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చేతిసంచీ తీసుకుని, లిఫ్టు ఉందన్న సంగతే మరిచి నాలుగంతస్తులు దిగి, రోడ్డు దాటి, మూల మీద కొట్లో కిలో పంచదార కొని, మళ్ళీ నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది. డబ్బా మూత తీసేసరికి నిండా పంచదార. ఎవరో కడిగి తుడిచి ఎటు పడితే అటు పెట్టారు, అంతే.

కోడు రాసే బాబాయి అప్పుడే టీకి వచ్చాడు. ఆఫీసంతటికీ పెద్దవాడు కాబట్టి అందరికీ ఆయన బాబాయే. "ఉండగా మళ్ళీ ఎందుకు తెచ్చావు తల్లీ?" అన్నాడు.

"పంచదార అలిగింది బాబాయ్" అంది ఆమె. అన్నాక తన మాట తనకే వినిపించింది. పదిహేనేళ్ళయింది ఆ మాట నోట్లోంచి వచ్చి. ప్యాకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వాళ్ళ నాన్న దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. రోజూ డబ్బాల అడుగున మిగిలిన రంగులు ఇంటికొచ్చేవి. ఆ రంగులతో వంటింటి రేకుడబ్బాలన్నిటి మీదా పేర్లు రాశాడు. పంచదారకి పసుపు, ఉప్పుకి తెలుపు, టీపొడికి ఎర్రటి అక్షరాలు, కింద నల్లటి నీడతో సహా. కందిపప్పు డబ్బా చూస్తే బట్టలకొట్టు బోర్డే గుర్తొచ్చేది. అంత ముచ్చటగా రాసినవాడు వెనకవైపు మాత్రం ఏమీ రాయలేదు. వెనక ఉత్త రేకు.

పదకొండుమంది ఉండే ఇల్లది. అన్నదమ్ములిద్దరూ, వాళ్ళ పెళ్ళాలూ, పిల్లలూ, నాయనమ్మా, ఎప్పుడూ ఎవరో ఒక చుట్టమూ. వంటిల్లు ఒక్కటే. పొద్దుటి పూట పెద్దమ్మది. సాయంత్రం పూట అమ్మది, ఎందుకంటే అమ్మ బడిలో గుమాస్తా, ఎనిమిదింటికి వెళ్ళి అయిదింటికి వచ్చేది. ఆ తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. డిజైనరమ్మకి ఆరేళ్ళప్పుడు పాలగిన్నె దగ్గర మాటా మాటా పెరిగింది. అమ్మ చెబితే పాలు పొంగిపోయాయి, పెద్దమ్మ చెబితే మాడిపోయాయి. "నీ చేతిలో పెడితే ఇంతే" అన్న మాట ఇద్దరి కథలోనూ ఉంటుంది, అన్నదెవరో మాత్రం మారిపోతుంది. ఎవరన్నారో దేవుడికి తెలియాలి. ఆ రోజు మూసుకున్న నోళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు.

నోళ్ళు మూసుకుంటే కడుపులు ఊరుకుంటాయా? ఇల్లు నడవాలి కదా. అందుకని డబ్బాలు మాట్లాడేవి. పెద్దమ్మ పొద్దున వంట చేస్తుంటే ఉప్పు అడుగంటిందనుకోండి, డబ్బాని వెనక్కి తిప్పి పెట్టేది. రాత పక్కకి పోయి రేకు కనబడేది. సాయంత్రం అమ్మ చూసేది, లేదా బడి నుంచి వచ్చిన పిల్లలు చూసేవారు. "అమ్మా, ఉప్పు అలిగింది!" అని కేకేసి, సంచీ పట్టుకుని పరిగెత్తేవారు. తెచ్చి నింపాక డబ్బా మళ్ళీ ఇటు తిరిగేది. అలక తీరిందని పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ ఇంట్లో పన్నెండేళ్ళపాటు ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పలేదు, ఒక్కనాడూ ఏదీ నిండుకోలేదు. బొగ్గులపొయ్యి పక్కన పీట మీద కూర్చుని, ఆ రంగురంగుల అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్న రోజులు డిజైనరమ్మకి కళ్ళకి కట్టాయి. ఎంత బాగుండేదా వంటిల్లు! ఎంత ఇరుకు, ఎంత పొగ, అయినా ఎంత బాగుండేది!

"బాబాయ్, ఆ గీతలూ తేదీలూ గ్రాములూ అన్నీ పీకేద్దాం" అంది.

"పీకేసి ఏం చేద్దాం? మంగళం పాడేద్దామా?"

"ఒక్క అర. అర మీద డబ్బాలు. వేలితో తోస్తే డబ్బా వెనక్కి తిరుగుతుంది, అవతలి ఫోన్లోనూ తిరుగుతుంది. అంతే."

బాబాయి టీ చల్లారిపోయేదాకా ఆలోచించాడు. "రెండేళ్ళ పని తీసేసి రెండు రోజుల పని పెట్టమంటావు. సరే, నీ పంతమేదో చూద్దాం" అని వెళ్ళి కూర్చున్నాడు. మంగళవారం సాయంత్రానికి అర తయారైంది. డబ్బాల మీద అక్షరాలు డిజైనరమ్మ స్వయంగా రాసింది, నీడలతో సహా.

ఇక మనుషులు కావాలి. నర్సమ్మ "మళ్ళీనా?" అని ఫోన్ పెట్టేసింది. మాస్టారు ఊళ్ళో లేడు. మాట్లాడుకోకుండా ఒకే వంటిల్లు నడపగల ఇద్దరు మనుషులు ఇంత తక్కువ టైములో ఎక్కడ దొరుకుతారని బాబాయి తల పట్టుకున్నాడు. డిజైనరమ్మకి నవ్వాగలేదు. ఆ విద్యలో ఆరితేరినవాళ్ళు ఆమెకి ఇద్దరు తెలుసు.

ఆ పాత ఇల్లు ఎప్పుడో ఖాళీ చేశారు. అమ్మ ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటోంది. పెద్దమ్మ ఇదే ఊళ్ళో అవతలి కొసన, కొడుకు దగ్గర. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకరు కుడివైపు కుర్చీల్లో, ఒకరు ఎడమవైపు కుర్చీల్లో. ఇరవయ్యేడేళ్ళు.

"పెద్దమ్మ కూడా వస్తుందమ్మా" అని ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

"వస్తే రానీ. నాకేంటి? నేను వచ్చేది నీ ఉద్యోగం కోసం" అంది అమ్మ.

పెద్దమ్మకీ ఫోన్ చేసింది. "ఆవిడ వస్తే నాకేమే, ప్రశ్నలబుట్టా? నువ్వడిగావు, నేనొస్తున్నా. మధ్యలో ఆవిడెవరు?" అంది పెద్దమ్మ. చిన్నప్పుడు అడ్డమైన ప్రశ్నలూ అడిగి ప్రాణం తీసేదని ఆ పేరు పెట్టింది ఆవిడే.

బుధవారం ఇద్దరినీ ఆఫీసులోని పరీక్ష గదిలో కూర్చోబెట్టారు. ఒక బల్ల, మధ్యలో చెక్క అడ్డు, చెరో ఫోను. గది మూల ఒక అలమరలో కొట్టు సరుకులు. డిజైనరమ్మ గొంతు సవరించుకుని నియమం చదివింది. "పరీక్ష జరుగుతున్నంతసేపూ మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు."

పెద్దమ్మ అడ్డు కేసి చూసింది. అమ్మ పైకప్పు కేసి చూసింది. "అలాగే" అన్నారిద్దరూ, ఎంతో బాధ్యతగా. బాబాయి మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు.

ఇక చూడాలి! "మీరు పొద్దున వంట చేశారు, కందిపప్పు నిండుకుంది" అని చీటీ ఇస్తే పెద్దమ్మ వేలు అలా తాకింది, ఇవతల అమ్మ ఫోన్లో కందిపప్పు డబ్బా గిర్రున వెనక్కి తిరిగింది. అమ్మ లేచింది, అలమరలోంచి పప్పు తెచ్చింది, డబ్బా ఇటు తిప్పింది. పదకొండు చీటీలు, పదకొండూ ఒప్పే. ఎక్కడా ఆగలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. నాలుగిళ్ళు కలిసి చేయలేనిది ఈ ఇద్దరు ఇరవై నిమిషాల్లో చేసేశారు. మధ్యలో అమ్మ పెదాల మీద చిన్న నవ్వు కూడా కనబడింది, ఆవిడ వెంటనే దాన్ని మింగేసింది.

తేడా వచ్చింది టీపొడి దగ్గరే. చీటీలన్నీ అయ్యాక "మీ ఇష్టమొచ్చినట్టు కాసేపు వాడి చూడండి" అంటే పెద్దమ్మ టీపొడి డబ్బాని కొంచెం తోసి వేలు ఆపింది. డబ్బా ఆగలేదు, వెనక్కి వచ్చేసింది. మళ్ళీ తోసింది. మళ్ళీ వచ్చేసింది. "ఇది సగం తిరగదేమే?" అంది విసుగ్గా.

"సగం ఎందుకండీ? ఉంటే ఇటు, లేకపోతే అటు. సగానికి అర్థం లేదు కదా" అన్నాడు బాబాయి.

పెద్దమ్మ ఫోను బల్ల మీద పెట్టేసి పైట సర్దుకుంది. చిత్రమేమిటంటే, అదే నిమిషంలో అడ్డుకి ఇవతల అమ్మ కూడా అదే డబ్బాని అలాగే సగం తిప్పబోయి మానుకోవడం డిజైనరమ్మ కళ్ళారా చూసింది.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అమ్మని ఆ సగం తిప్పడం సంగతి అడిగింది. అమ్మ రెండు స్టాపులు పోయాక చెప్పింది.

"అది పిల్లలకి తెలీదులే. టీపొడి డబ్బా సగం తిరిగి ఉంటే సామాను మాట కాదు. నాకీపూట బాలేదు, నా పూట నువ్వు చూడు అని. అవతలివాళ్ళు చూసి డబ్బా సరిగ్గా పెట్టేస్తే సరే అని. అంతే."

"ఎప్పుడైనా తిప్పావా నువ్వు?"

"మీ నాన్న నిచ్చెన మీంచి పడ్డప్పుడు. ఆస్పత్రికి పరిగెడుతూ తిప్పిపోయా. నలభై రోజులు రెండు పూటలా ఆవిడే వండింది. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి ఆస్పత్రికి క్యారేజీ వచ్చేది. నాకు వేరే, ఆయనకి కారం లేకుండా వేరే. తెచ్చేది మీ పెద్దనాన్న. ఆవిడ రాలేదు, నేను రమ్మనలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆవిడ తిప్పింది. అప్పుడు నేను చేశా. నెల."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు మాట్లాడుకోలేదమ్మా?"

"ఎవరు మొదలెట్టాలో తెలీలేదే" అంది అమ్మ. అంత మామూలుగా చెప్పింది.

డిజైనరమ్మకి ఆ రాతల డబ్బాల అర మొత్తం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ఆ డబ్బాల ఆటంతా తనకి కరతలామలకమని ఇన్నాళ్ళూ విర్రవీగింది. అందులో అసలైన మాట మాత్రం తన తల మీదుగా, తను చూస్తుండగానే, ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ నడిచిపోయింది. సిగ్గేసింది. దాని వెనకే ఆ ఇద్దరి మీదా చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

గురువారం బాబాయి ముందు కూర్చుని సగం తిప్పడం పెట్టమంది. "దానివల్ల ఏ లిస్టులోకి ఏం వెళ్ళాలి?" అన్నాడాయన.

"ఏ లిస్టులోకీ ఏమీ వెళ్ళక్కర్లేదు. అవతలి ఫోన్లో కనబడితే చాలు."

పెద్దసారు అటుగా పోతూ విన్నాడు. "పనికిరానివి తగిలించకు. రేపు తికమకపడ్డారంటే ఆ తప్పు నీదే" అన్నాడు. ఆమె భయపడింది. అయినా తీయించలేదు.

శుక్రవారం పెద్దసారు చేతిలో కాగితాల అట్టతో గది మూల కూర్చున్నాడు. మళ్ళీ బల్ల, మళ్ళీ అడ్డు, మళ్ళీ నియమం. పెద్దమ్మ ఈసారి కాస్త వాడిపోయినట్టుంది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ నీళ్ళడిగింది. లిఫ్టు ఉండగా మెట్లెందుకని అడిగితే "ఎక్కగలనో లేదో చూసుకుందామని" అంది. డిజైనరమ్మ కంగారులో ఆ మాట పట్టించుకోలేదు.

చీటీలు నడిచాయి. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. పెద్దసారు ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతున్నాడు. ఆయన కనుబొమ్మలు మెల్లమెల్లగా పైకి వెళ్తున్నాయి. ఇంకొక్క చీటీ. అది కూడా ఒప్పయితే పని నిలబడినట్టే. డిజైనరమ్మ పెద్దమ్మకి చీటీ ఇచ్చింది: నూనె అయిపోయింది.

పెద్దమ్మ చీటీ చదివింది. చదివి పక్కన పెట్టింది. నూనె డబ్బా జోలికి పోలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, టీపొడి డబ్బాని వేలితో మెల్లగా తోసి, సగంలో ఆపింది. ఈసారి డబ్బా ఆగింది.

"అదేంటి? చీటీలో నూనె కదా?" అని పెద్దసారు కాగితాలు తిరగేశాడు. "చూశావా, తికమకపడ్డారు. నేను చెప్పానా?"

డిజైనరమ్మకి ఆయన మాటలు వినబడలేదు. ఆమె అమ్మనే చూస్తోంది. అమ్మ ఫోన్లో ఎర్ర అక్షరాల టీపొడి డబ్బా సగం తిరిగి ఉంది. "టీపొ" దాకా కనబడుతోంది, ఆ పైన రేకు. అమ్మ దాన్ని చూసింది. ఒక వేలు ముందుకొచ్చింది, గాల్లో ఆగింది. నియమం ఆవిడకి తెలుసు. కూతురి రెండేళ్ళ కష్టం ఈ ఒక్క చీటీ మీద ఉందనీ తెలుసు. ఆవిడ కూతురి మొహంలోకి ఒకసారి చూసింది. డిజైనరమ్మ తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆలోచించలేదు.

అమ్మ ఫోను బల్ల మీద పెట్టి లేచి, అడ్డు పక్కకి వంగింది.

"ఏమైందక్కా? ఒంట్లో బాలేదా?"

పెద్దమ్మ తలెత్తలేదు. గొంతు మాత్రం పూర్తిగా మారిపోయింది.

"సోమవారం ఆపరేషనే. గుండెకి. ఎవరికీ చెప్పొద్దన్నా మావాడితో. ఎవరికి చెప్పాలో కూడా తెలీలేదు."

"ఎవరికి చెప్పాలో తెలీకపోవడమేంటి? నేను లేనూ?" అమ్మ కోప్పడింది. నిజంగా కోప్పడింది. ఇరవయ్యేడేళ్ళ కోపమంతా ఆ ఒక్క మాటలో తీర్చేసుకుని, చెక్క అడ్డుని రెండు చేతులా ఎత్తి కింద పెట్టేసి, పెద్దమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వు లేచి తిరిగేదాకా నీ పూట నాది. మీ ఇంటికొచ్చి ఉంటా. కారం లేకుండానే వండుతాలే."

"నువ్వా? నీ చేతిలో పెడితే పాలన్నీ..." అని పెద్దమ్మ ఆగిపోయింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. డిజైనరమ్మ గోడకి ఆనుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆఫీసులో ఏడిస్తే బాగుండదన్న సంగతి గుర్తే లేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని పెద్దసారు చేతిలో కాగితం తీసుకుంది. ఆఖరి చీటీ పక్కన నిజాయితీగా రాసింది: మాట్లాడకూడదు, మాట్లాడారు, ఫెయిల్.

పెద్దసారు ఆ కాగితం చూశాడు. "ఆ సగం తిప్పడానికి అర్థమేంటన్నావు?" అన్నాడు. ఆమె చెప్పింది. "ఎంతసేపట్లో అందింది?" అన్నాడాయన.

"నాలుగు సెకన్లు" అన్నాడు బాబాయి తెర చూసి.

"అయితే ఫెయిలెక్కడ?" అని పెద్దసారు ఆ మాట కొట్టేశాడు. "సోమవారం నువ్వు ఆస్పత్రికెళ్ళు. మంగళవారం వచ్చి ఈ అర పని చూడు."

తోడికోడళ్ళిద్దరూ చేయీ చేయీ పట్టుకుని లిఫ్టు దాకా వెళ్ళారు. అంతలో అమ్మ ఏదో మర్చిపోయినట్టు గబగబా వెనక్కి వచ్చింది. బల్ల మీది ఫోను అందుకుని, టీపొడి డబ్బాని వేలితో తిప్పి సరిగ్గా పెట్టింది.

"చెప్పావు కదమ్మా నోటితో. మళ్ళీ ఇదెందుకు?" అంది డిజైనరమ్మ.

"నోటి మాట ఇవాళ్టిదే. ఇది మా అలవాటు" అంటూ అమ్మ లిఫ్టు వైపు పరిగెత్తింది. అక్కడ పెద్దమ్మ తలుపు మూసుకోకుండా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.